హైదరాబాద్ – లండన్: దూరం ఒకటే, వెళ్లేటప్పుడు ఓ గంట ఎక్కువ ఎందుకు?

హైదరాబాద్ నుంచి లండన్ ఎంత దూరం అని ఫోన్‌లో వెతికితే ఒక సైట్ 7,750 అంటుంది, ఇంకోటి 4,816 అంటుంది, మరోటి 4,185 అంటుంది. మూడూ ఒకే దూరం. మొదటిది కిలోమీటర్లు. రెండోది మామూలు మైళ్లు, అంటే మైలుకు 1.609 కిలోమీటర్లు. మూడోది పైలట్లు వాడే నాటికల్ మైళ్లు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. యూనిట్ రాయకుండా అంకె మాత్రం పెద్ద అక్షరాల్లో వేసే సైట్లు చాలా ఉన్నాయి కాబట్టి ముందు చూసుకోవాల్సింది అదే.

ఆ చిక్కు సులువుగా విడిపోతుంది. విడిపోనిది సమయం. నాన్‌స్టాప్ విమానం టైమ్‌టేబుల్ చూడండి: హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లడానికి పది గంటల పైమాట, అదే విమానం తిరిగి రావడానికి తొమ్మిది గంటల పైచిలుకు. విమానం అదే, దూరం అదే. దూరం లెక్కగట్టే సైట్లు మాత్రం రెండు వైపులా ఒకటే సమయం చూపిస్తాయి. వాటిలో చాలా మటుకు చేసేది ఒక్కటే పని: సరళ దూరాన్ని గంటకు 800 కిలోమీటర్లతో భాగించి, పైన ఓ అరగంట కలపడం. 7,750ని అలా భాగిస్తే 9 గంటల 41 నిమిషాలు, అరగంట కలిపితే 10 గంటల 11 నిమిషాలు. చూడ్డానికి నమ్మేలా ఉంటుంది. కానీ ఆ లెక్కలో గాలి లేదు, గగనతలం మూసేసిన దేశాలు లేవు, లండన్ హీత్రో విమానాశ్రయం పైన చక్కర్లు లేవు. దూరం మ్యాపు మీద కొలిచేది. ప్రయాణ సమయం మాత్రం ఆ రోజు తెరిచి ఉన్న దారి, ఆ రోజు వీచిన గాలి కలిసి తేల్చేది.

ఎక్కడి నుంచి ఎక్కడికి?

7,750 అన్నది శంషాబాద్ రన్‌వే దగ్గర్నుంచి హీత్రో రన్‌వే దాకా. చార్మినార్ నుంచి బిగ్ బెన్ దాకా కాదు. శంషాబాద్ ఊరి మధ్య నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది, హీత్రో కూడా లండన్ నడిబొడ్డు నుంచి దాదాపు అంతే దూరంలో పడమర వైపు ఉంది. ఏడు వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఆ తేడా లెక్కలోకి రాదు. హైదరాబాద్ – విజయవాడ లాంటి చిన్న దూరంలో అదే పెద్ద విషయమవుతుంది.

సైట్‌లో ఊరి పేరు కాకుండా విమానాశ్రయం కోడ్ కొట్టడం మంచిది. హైదరాబాద్ అని కొడితే పాకిస్థాన్‌లోని సింధ్ హైదరాబాద్ తగిలే అవకాశం ఉంది. దాని కోడ్ హెచ్‌డీడీ, మనది హెచ్‌వైడీ. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పుడు ఈ కోడ్ బేగంపేట నుంచి అక్కడికి మారింది, బేగంపేటకు ఇప్పుడు బీపీఎం. లండన్ విషయంలోనూ అంతే: కెనడాలోని ఒంటారియోలో ఇంకో లండన్ ఉంది. అసలు లండన్‌కేమో హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ అని అరడజను దాకా విమానాశ్రయాలు. ఎల్‌ఓఎన్ అంటే ఊరంతటికీ కలిపి ఇచ్చిన కోడ్, హీత్రో ఒక్కదానికే అయితే ఎల్‌హెచ్‌ఆర్. ఒక టికెట్ గాట్విక్‌లో దింపి, తర్వాతి టికెట్ హీత్రోలో ఎక్కమంటే, మధ్యలో రోడ్డు మీద గంటకు పైగా పోతుంది. చవగ్గా దొరికాయని విడివిడిగా టికెట్లు కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

రెండు మంచి సైట్లు ఒకే రెండు విమానాశ్రయాల మధ్య నాలుగైదు కిలోమీటర్ల తేడా చూపిస్తే కంగారు పడక్కర్లేదు. భూమి సరిగ్గా గుండ్రంగా ఉండదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. కొన్ని సైట్లు భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న నిండు గోళంగా తీసుకుంటాయి, కొన్ని నొక్కుకుపోయిన అసలు ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి వెళ్లే హైదరాబాద్ – ఢిల్లీ దూరం గోళం లెక్కలో 1,266 దాకా వస్తుంది, అసలు ఆకారం లెక్కలో 1,261 దగ్గర ఆగుతుంది. రెండోదే సరైనది. విమాన సమయంలో దాని విలువ అర నిమిషం కూడా లేదు.

మ్యాపు మీద గీత, గ్లోబు మీద దారం

గోడ మీద వేలాడే ప్రపంచ పటంలో హైదరాబాద్‌కూ లండన్‌కూ స్కేలు పెట్టి గీత గీస్తే, ఆ దారిన వెళ్లే విమానం దాదాపు 7,990 కిలోమీటర్లు ఎగరాలి. గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే 7,750 వస్తుంది. ఈ దారం వెళ్లే దారినే గ్రేట్ సర్కిల్ అంటారు. గోళం ఉపరితలం మీద రెండు చోట్ల మధ్య అంతకన్నా దగ్గర దారి ఉండదు. విమానం సీటు ముందున్న తెర మీద గీత ఉత్తరానికి వంగి కనిపించేది అందుకే. వంకర పటంలో ఉంది, దారిలో లేదు.

ఆ దారం వెంట వెయ్యి కిలోమీటర్లకోసారి ఆగి చూస్తే ఏం కనిపిస్తుందో చెప్పుకుంటే తర్వాతి సంగతి అర్థమవుతుంది. శంషాబాద్ నుంచి వాయవ్యంగా బయలుదేరి, మహారాష్ట్ర మీదుగా వెయ్యి కిలోమీటర్ల దగ్గర ఉత్తర గుజరాత్‌లో పాటన్. పదిహేను వందల దగ్గర సింధ్‌లో, మొహెంజొదారోకు కాస్త పక్కన. రెండు వేల దగ్గర దక్షిణ అఫ్గానిస్థాన్ ఎడారి. మూడు వేల దగ్గర ఈశాన్య ఇరాన్. అక్కణ్నుంచి తుర్క్‌మెనిస్థాన్ అంచు, కాస్పియన్ సముద్రం. నాలుగు వేల దగ్గర రష్యాలోని దాగెస్తాన్ కొండలు. ఐదు వేల దగ్గర అజోవ్ సముద్రం. అక్కడి నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఉక్రెయిన్‌ను అడ్డంగా కోసుకుంటూ ఆరు వేల దగ్గర ల్వీవ్. తర్వాత పోలండ్, ఏడు వేల దగ్గర జర్మనీ నడిమధ్య, చివరికి ఉత్తర సముద్రం దాటి లండన్.

ఇప్పుడు ఈ జాబితాను పత్రికల్లో అంతర్జాతీయ వార్తల పేజీ పక్కన పెట్టి చూడండి. ఉక్రెయిన్ గగనతలం 2022 ఫిబ్రవరి 24 నుంచి పౌర విమానాలకు మూసే ఉంది. అదే నెలలో బ్రిటన్, రష్యా ఒకదాని విమానాలను మరొకటి తమ గగనతలంలోకి రానివ్వకుండా ఆపేశాయి. పాకిస్థాన్ 2025 ఏప్రిల్ 24న భారత విమానాలకు తన గగనతలం మూసి, ఆ నిషేధాన్ని నెలనెలా పొడిగిస్తూ వచ్చింది. ఇరాన్ చుట్టూ ఉద్రిక్తత పెరిగినప్పుడల్లా ఆ దారి కూడా ఉన్నట్టుండి ఖాళీ అవుతుంది. అంటే సైట్ చూపించే 7,750 కిలోమీటర్ల గీత మీద ఇప్పుడు ఏ ప్రయాణికుల విమానమూ మొదటి నుంచి చివరి దాకా ఎగరదు.

మరి ఎటు వెళ్తాయి? ఒక దారి ఉక్రెయిన్, రష్యాలకు దక్షిణంగా: కాస్పియన్ దాటి అజర్‌బైజాన్, జార్జియా, నల్లసముద్రం దక్షిణపు ఒడ్డు, బల్గేరియా, మధ్య యూరప్. మలుపుల మధ్య దారం బిగించి కొలిచినా ఇది 7,930 కిలోమీటర్లు వస్తుంది. ఆకాశంలో ఎవరికి తోచినట్టు వాళ్లు వెళ్లడానికి లేదు, ఐదక్షరాల పేర్లున్న బిందువులను కలుపుతూ పోవాలి కాబట్టి నిజంగా ఎగిరేది ఇంకొంచెం ఎక్కువ, 8,100 అనుకుందాం. రెండో దారి ఇంకా కింది నుంచి: అరేబియా సముద్రం, ఒమన్, సౌదీ, ఈజిప్ట్, మధ్యధరా సముద్రం. ఇది 8,500 దాటుతుంది. గీత కన్నా దాదాపు 800 కిలోమీటర్లు ఎక్కువ, గాల్లో ఇంచుమించు ఒక గంట.

పాకిస్థాన్ నిషేధం జెండాను బట్టి ఉంటుంది, ఇది చాలామంది గమనించరు. అది భారత్‌లో రిజిస్టరైన విమానాలకూ, భారత సంస్థలు నడిపేవాటికీ. హైదరాబాద్ – హీత్రో నాన్‌స్టాప్ నడిపే బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు అది వర్తించదు. కాబట్టి ఒకే రోజు, ఒకే రెండు ఊళ్ల మధ్య, రెండు సంస్థల విమానాలు ఎగిరే దూరాల్లో వందల కిలోమీటర్ల తేడా ఉండొచ్చు. ఈ విషయంలో ఢిల్లీకన్నా హైదరాబాద్‌ది కాస్త మెరుగైన పరిస్థితి. మనం ఎలాగూ దక్షిణంలో ఉన్నాం, ముంబై వైపు తిరిగితే నేరుగా అరేబియా సముద్రం. ఢిల్లీ నుంచి లేచిన భారత విమానం మాత్రం ముందు దక్షిణంగా గుజరాత్ దాకా వచ్చి, అప్పుడు పడమరకు తిరగాలి.

గాలి లెక్క

పదకొండు కిలోమీటర్ల ఎత్తులో, మైనస్ 56 డిగ్రీల చలిలో ధ్వని వేగం గంటకు సుమారు 1,062 కిలోమీటర్లు. డ్రీమ్‌లైనర్ లాంటి విమానం అందులో 85 శాతం వేగంతో, అంటే గంటకు 903 కిలోమీటర్లతో వెళ్తుంది. ఇది గాలిలో వేగం. ఆ గాలి కూడా కదులుతుంటే నేల మీద లెక్క మారిపోతుంది.

ఉత్తరార్ధగోళంలో ఆ ఎత్తున గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. చాలా ఎత్తున నదిలా సాగే బలమైన గాలిని జెట్ ప్రవాహం అంటారు. చలికాలంలో ఉత్తర భారతం మీద ఉపఉష్ణమండల జెట్ ప్రవాహం ఉంటుంది, యూరప్ మీద ధ్రువపు జెట్ ప్రవాహం ఉంటుంది. వీటి నడిమి పాయలో గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. విమానం దారంతా ఆ పాయలోనే ఉండదు కాబట్టి మొత్తం మీద సగటు చాలా తగ్గుతుంది. లెక్కకోసం సగటున గంటకు 60 కిలోమీటర్లు అనుకుందాం.

లండన్ వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి. 903లోంచి 60 తీసేస్తే 843. 8,100ని 843తో భాగిస్తే 9 గంటల 36 నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది: 963. 8,100ని 963తో భాగిస్తే 8 గంటల 25 నిమిషాలు. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు పోయే వేగానికి ఓ పావుగంట, నేల మీద కదలడానికి అరగంట కలపండి. వెళ్లడానికి 10 గంటల 21 నిమిషాలు, రావడానికి 9 గంటల 10 నిమిషాలు. టైమ్‌టేబుల్‌లో కనిపించే తేడా ఇంచుమించు ఇదే.

వెళ్లేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు దక్కుతుంది కాబట్టి గాలి లెక్క రానూపోనూ కలిపితే సున్నా అని అనిపిస్తుంది. కాదు. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, తోడుగాలిలో తక్కువసేపు. పై లెక్కలో గాలే లేకపోతే రెండు వైపులా కలిపి పట్టేదానికన్నా ఐదు నిమిషాలు ఎక్కువే పడుతుంది. గాలి బలం పెరిగేకొద్దీ ఆ నష్టం ఇంకా పెరుగుతుంది.

కాలం మారితే ఈ తేడా కూడా మారుతుంది. వేసవిలో జెట్ ప్రవాహం ఉత్తరానికి జరుగుతుంది. రుతుపవనాల నెలల్లో దక్షిణ భారతం మీద చాలా ఎత్తులో గాలి దిశే తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. దీన్ని తూర్పు జెట్ అంటారు. భారత వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన పి. కోటేశ్వరం దీని మీద 1950ల్లో చేసిన పరిశోధన ప్రపంచ ప్రసిద్ధం. కాబట్టి జూలైలో లండన్ వెళ్లే విమానానికి మొదటి భాగంలో ఎదురుగాలి బాధ అంతగా ఉండదు, జనవరిలో గట్టిగా తగులుతుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన ‘మా వాళ్లు ఇన్ని గంటల్లో చేరారు’ అన్న మాట ఏ నెలదో తెలియకపోతే పనికిరాదు.

ఇక్కడే ఒక పాత అపోహ గురించి చెప్పాలి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమరకు వెళ్లే విమానానికి ఊరు ఎదురొస్తుంది, కాబట్టి త్వరగా చేరాలి అంటారు కొందరు. అదే నిజమైతే శంషాబాద్‌లో పైకి లేచి గంటసేపు గాల్లో నిలబడ్డ హెలికాప్టర్ కింద నుంచి భూమి 1,600 కిలోమీటర్లు జరిగిపోయి, అది అరేబియా సముద్రం మీద తేలాలి. అలా జరగదు, ఎందుకంటే వాతావరణం కూడా భూమితోపాటే తిరుగుతోంది. నడిచే రైలు పెట్టెలో బంతి పైకి ఎగరేస్తే మళ్లీ చేతిలోనే పడుతుంది, ఇదీ అంతే. మనకు తగిలేది భూమి తిరగడం కాదు, భూమితో పోల్చి గాలి ఎంత ముందుకో వెనక్కో జారుతోందన్నది.

సీటు ముందు తెర మీద కొన్నిసార్లు గంటకు 1,080 కిలోమీటర్లు అని కనిపిస్తుంది. ధ్వని వేగం దాటేశామని ఫొటోలు తీసి పెట్టేవాళ్లున్నారు. దాటలేదు. అది నేల మీద వేగం. చుట్టూ ఉన్న గాలిలో విమానం అప్పుడూ 903 దగ్గరే ఉంది, గాలే దాన్ని మోసుకుపోతోంది.

ఆలస్యంగా బయలుదేరిన విమానాన్ని పైలట్ ‘స్పీడు పెంచి’ సరిచేయొచ్చు కదా అన్న ప్రశ్నకూ ఇక్కడే జవాబుంది. ధ్వని వేగంలో 85 శాతం నుంచి 86 శాతానికి పెంచితే తొమ్మిదిన్నర గంటల ప్రయాణంలో మిగిలేది ఆరేడు నిమిషాలు. దానికి ఖర్చయ్యే ఇంధనం మాత్రం లాభంతో పోలిస్తే చాలా ఎక్కువ. ఆలస్యమైన విమానం సమయానికి చేరిందంటే చాలాసార్లు అది వేగం వల్ల కాదు. టైమ్‌టేబుల్‌లో ముందే వదులు పెట్టి ఉంచారు.

నేల మీద పోయే నిమిషాలు

టికెట్ మీద రాసే సమయాన్ని విమానయానంలో బ్లాక్ టైమ్ అంటారు. విమానం చక్రాలకు అడ్డం పెట్టిన చెక్కలు తీసి వెనక్కి నెట్టడం మొదలైన క్షణం నుంచి, అవతల గేటు దగ్గర మళ్లీ చెక్కలు పెట్టేదాకా. గాల్లో ఉండేది అందులో ఒక భాగమే.

టేకాఫ్ తర్వాత పది వేల అడుగుల లోపు వేగం సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు మించకూడదు. దిగేటప్పుడూ అంతే. దిగడం కూడా ఊరి పైకి వచ్చాక మొదలుకాదు. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలన్నది పైలట్ల మోటు లెక్క. 38,000 అడుగుల నుంచి అయితే 114 నాటికల్ మైళ్లు, దాదాపు 210 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. హీత్రోలో దిగే విమానాలకు ఇంకో గండం: బోవింగ్డన్, లాంబోర్న్, ఓకమ్, బిగ్గిన్ అనే నాలుగు చోట్ల ఒకదానిపై ఒకటి వెయ్యేసి అడుగుల ఎడంతో చక్కర్లు కొడుతూ వంతు కోసం ఆగాలి. కిటికీలోంచి అదే ఊరు మూడోసారి కనిపించిందంటే మీరు అక్కడున్నారని అర్థం. ఈ చక్కర్లకు పట్టే నిమిషాలను కూడా సంస్థలు టైమ్‌టేబుల్‌లోనే కలిపేస్తాయి. అందుకే ఏ చక్కర్లూ లేని రోజున విమానం ఇరవై నిమిషాలు ముందే దిగి, గేటు ఖాళీ లేక రన్‌వే పక్కన కూర్చుంటుంది.

ప్రయాణం చిన్నదయ్యేకొద్దీ ఈ నేల మీది వాటా పెరుగుతుంది. హైదరాబాద్ – ఢిల్లీ 1,260 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ ఏ320 గంటకు 828 కిలోమీటర్లతో నేరుగా వెళ్తే 91 నిమిషాలు. టికెట్ మీద రెండుంపావు గంటలు కనిపిస్తుంది. తేడా దాదాపు ముప్పావుగంట, దాంట్లో పెద్ద వాటా ఢిల్లీ విమానాశ్రయంలో రన్‌వే నుంచి గేటుకు జరిగే ప్రయాణానిది, వరసలో ఆగడానిది. హైదరాబాద్ – విజయవాడ అయితే గగన దూరం సుమారు 265 కిలోమీటర్లు, రోడ్డు దారి కూడా అంతకన్నా పెద్దగా ఎక్కువ కాదు. గంటకు 500 కిలోమీటర్లు వెళ్లే ఏటీఆర్ అనే చిన్న విమానానికి నిజానికి అరగంట పని. టికెట్ మీద గంట. శంషాబాద్‌కు ముందే చేరడం, గన్నవరం నుంచి ఊళ్లోకి వెళ్లడం కలిపితే కారులో వెళ్లినవాడు పెద్దగా వెనకబడడు.

గడియారం చేసే మోసం

టికెట్ మీద రెండు సమయాలూ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే. ఉదయం 7.30కి హైదరాబాద్‌లో బయలుదేరి, పై లెక్క ప్రకారం 10 గంటల 21 నిమిషాలు ప్రయాణిస్తే మన గడియారంలో సాయంత్రం 5.51. వేసవిలో లండన్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, కాబట్టి అక్కడ మధ్యాహ్నం 1.21. చలికాలంలో ఐదున్నర గంటలు వెనక, కాబట్టి 12.21. టికెట్ చూసి నేరుగా తీసివేత చేసినవాళ్లు ఆరు గంటల్లో లండన్ అనుకుంటారు. తిరుగు ప్రయాణంలో వేసవి మధ్యాహ్నం 2 గంటలకు బయలుదేరితే హైదరాబాద్‌లో తెల్లవారుజాము 3.40. అదే తీసివేత ఇక్కడ చేస్తే పదమూడు గంటల నలభై నిమిషాలు వస్తుంది. తేదీ కూడా మారిందని విమానాశ్రయం నుంచి తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు ముందే చెప్పడం మంచిది. తెల్లవారుజాము విమానం విషయంలో ఒక రోజు తప్పుగా వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

నమ్మకమైన పద్ధతి ఒకటే: రెండు సమయాలనూ మన సమయంలోకి మార్చి, అప్పుడు తీసివేయండి. బ్రిటన్ గడియారాలు మార్చి చివరి ఆదివారం ముందుకు, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి జరుగుతాయి. అమెరికాలో అది మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. లండన్ మీదుగా డల్లాస్‌కో చికాగోకో వెళ్లే వాళ్లకు ఈ రెండింటి మధ్య వారాల్లో టికెట్ మీది సమయాలు ఇంకో గంట అటూ ఇటూ అవుతాయి. ఆ వారాల్లో టికెట్‌లో రాసిన ‘మొత్తం ప్రయాణ సమయం’ చూడండి, సొంత తీసివేత వద్దు.

నిజమైన అంకె కావాలంటే

ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి సైట్లలో విమానం నంబర్ కొడితే గత కొన్ని రోజుల చరిత్ర కనిపిస్తుంది: ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, ఏ దారిన వెళ్లింది. వారం రోజుల అంకెలు తీసుకుని, అన్నిటికన్నా తక్కువదీ ఎక్కువదీ వదిలేసి, మధ్యలో ఉన్నది తీసుకోండి. వెళ్లేది, వచ్చేది విడివిడిగా చూడండి. రెండింటి సగటు తీస్తే ఏ వైపుకూ సరిపోని అంకె వస్తుంది. దారి కూడా ఒకసారి చూస్తే ఆ వారం ఏ దేశాన్ని తప్పించుకుంటున్నారో తెలిసిపోతుంది.

మధ్యలో ఆగే విమానాల విషయంలో దూరం లెక్క దాదాపు పనికిరాదు. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి హీత్రో 5,500. మొత్తం 8,050, నేరుగా వెళ్లే గీత కన్నా 300 మాత్రమే ఎక్కువ, గాల్లో ఇరవై నిమిషాలు. ఢిల్లీ మీదుగా అయితే తేడా ఇంకా తక్కువ. అయినా ఇంటికి చేరేసరికి నాలుగైదు గంటలు ఎక్కువ పడుతుంది, ఎందుకంటే దిగడం, ఎక్కడం, ఆగడం అన్నీ రెండుసార్లు. సర్వీసుల మధ్య ఖాళీ ఎంత అన్నదే చూసుకోవాలి, దూరం కాదు.

ఇంత చెప్పాక ఆ 7,750 దేనికీ పనికిరాదా అంటే, ఒకచోట అచ్చంగా దాని మీదే డబ్బు లెక్క నడుస్తుంది. బ్రిటన్ నిబంధనల ప్రకారం విమానం ఆలస్యమైతే ఇచ్చే నష్టపరిహారాన్ని విమానం ఎగిరిన దారితో కాదు, గ్రేట్ సర్కిల్ దూరంతో లెక్కిస్తారు. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణం కాబట్టి హైదరాబాద్ – లండన్‌కు పై మెట్టు వర్తిస్తుంది: సంస్థ తప్పు వల్ల నాలుగు గంటలు మించి ఆలస్యమైతే 520 పౌండ్లు, మూడు నుంచి నాలుగు గంటల మధ్య అయితే 260. గగనతలం మూసేయడం, వాతావరణం లాంటివి సంస్థ చేతిలో లేని కారణాలు కాబట్టి వాటికి డబ్బు రాదు. లండన్ నుంచి బయలుదేరితే ఏ దేశపు సంస్థ అయినా ఇది వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి బయలుదేరితే బ్రిటిష్ లేదా యూరోపియన్ సంస్థ అయితేనే. గల్ఫ్ సంస్థలో దుబాయ్ మీదుగా ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు రాదు, అదే టికెట్‌లో తిరుగు ప్రయాణానికి మాత్రం వస్తుంది.

మన దేశంలో లెక్క తిరగబడి ఉంటుంది. ముందుగా చెప్పకుండా సర్వీసు రద్దు చేస్తే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో పరిహారం దూరాన్ని బట్టి కాదు, బ్లాక్ టైమ్‌ను బట్టి. గంట లోపు అయితే 5,000 రూపాయలు, రెండు గంటల లోపు 7,500, రెండు గంటలు దాటితే 10,000. టికెట్ బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జ్ కలిపి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే ఇస్తారు. గాల్లో గంటన్నర ఎగిరే హైదరాబాద్ – ఢిల్లీ ప్రయాణం రెండుంపావు గంటల బ్లాక్ టైమ్ వల్ల 10,000 మెట్టులోకి వస్తుంది. ఢిల్లీలో గేటు కోసం ఆగిన నిమిషాలే దాన్ని పైమెట్టు ఎక్కించాయి.